వాన పడుతుంటే నల్లా ఎందుకు ఎండింది?

బిడ్డలారా,

గాలివాన వచ్చిన మర్నాడు నల్లా తిప్పితే బుస్సుమని గాలి తప్ప చుక్క నీరు రాలేదని రాశారు. "వీధంతా నీళ్ళే, మా నల్లాలోనే ఎందుకు లేవు తాతా?" అన్నారు. జవాబు మీ వీధిలో లేదు, నూరు కిలోమీటర్ల అవతల కృష్ణమ్మ దగ్గర ఉంది.

కృష్ణ మీది నాగార్జునసాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ ఉన్నది సుమారు 1,750 అడుగుల ఎత్తున. నది కింద, మనం మిద్దె మీద. ఆ ఎత్తంతా ఒక్క దెబ్బలో ఎక్కించాలంటే అడుగున గొట్టంలో మీ బొటనవేలి గోరంత చోటు మీదే దాదాపు 35 కిలోల ఒత్తిడి పడుతుంది. అందుకే అంచెలు. నాలుగో అంతస్తుకు ఒక్కరే బిందె మోస్తే నడుము విరుగుతుంది, అంతస్తుకొకరు నిలబడి అందించుకుంటే సులువు. పుట్టంగండి దగ్గర ఎత్తిన బిందెను అక్కంపల్లి జలాశయంలో దించుతారు. కోదండాపూర్‌లో పటిక వేసి మడ్డి తేర్చి, ఇసుకలో వడగట్టి, క్లోరిన్ కలుపుతారు. తర్వాత నాసర్లపల్లి, గోడకొండ్ల, గునుగల్, ఒకరి చేతి నుంచి ఒకరికి. గునుగల్ చేరాక మోత లేదు. హైదరాబాద్‌లోని సాహెబ్‌నగర్‌కు నీళ్ళు వాటంతట అవే దిగివస్తాయి. ఈ కృష్ణా నీటి పథకంలో 2004, 2008, 2015లలో వచ్చిన మూడు దశల్లో ఒక్కోటీ రోజుకు సుమారు 41 కోట్ల లీటర్లు తేగలదు.

గోల్కొండలోనూ కుతుబ్‌షాహీలు ఇట్లానే చేశారు. రాట్నాలతో తొట్టి నుంచి తొట్టికి ఎత్తి, మట్టి గొట్టాల్లో పంపారు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట నీళ్ళకు మాత్రం ఆ బాధ లేదు. చెరువు ఊరికి ఎగువన ఉంది గనక కాలువలో నడిచి వచ్చేవి. ఆ చెరువు విలువ అందుకే ఎక్కువ, దాని ఎగువన వాగులు పూడ్చకూడదని పెద్దవాళ్ళు పోట్లాడేది అందుకే.

ఇప్పుడు మీ నల్లా సంగతి. గాలివానకు ఒక్క పంపుహౌస్‌కు కరెంటు పోయినా మధ్య మెట్టు మీది మనిషి చేతులు దించేసినట్టే. పరుగెత్తే నీరు ఠక్కున ఆగితే వెనక్కి తన్నుతుంది, గొట్టం పగలవచ్చు. అందుకని కరెంటు వచ్చినా పంపులు ఒక్కసారిగా తిప్పరు. నీళ్ళు మెల్లగా నింపుతూ, మెట్టమీది ఎయిర్ వాల్వుల్లోంచి గాలి పోనిస్తారు. ఈలోగా వీధి గొట్టాలు ఖాళీ. మీరు విన్న బుస్సు ఆ ఖాళీలోని గాలి.

ఖాళీ గొట్టం ఊరుకోదు, పీలుస్తుంది. ఎక్కడైనా చిల్లు ఉంటే పక్క మోరీ నీళ్ళు లోపలికి వస్తాయి. నల్లాకు నేరుగా మోటారు బిగించేవాళ్ళు ఆ పీల్పును ఇంకా పెంచుతారు. అది పొరుగింటి బిందెలో విషం కలపడమే, మీ ఇంట్లో ఉంటే తీసేయమని నాన్నను అడగండి.

నీళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు మొదటి రెండు బకెట్లు సంపులోకి పోనివ్వకండి. మురికి ఒకసారి సంపులో పడితే పై ట్యాంకు కూడా కడుక్కోవాలి. ఎర్రగా ఉన్నవి మొక్కలకు పోయండి. మోరీ కంపు కొడితే వాడకుండా జలమండలి నంబరు 155313కు ఫోన్ చేయించండి. కొద్దిగా బ్లీచింగ్ వాసన వస్తే భయపడొద్దు. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, మీకు కాపలా అదే. అనుమానముంటే తెర్లకాగనిచ్చి, చల్లార్చి తాగండి.

తర్వాత ఒక గాజు గ్లాసు నింపి కిటికీ దగ్గర పెట్టండి. పాలలా తెల్లగా ఉండి, కింది నుంచి పైకి తేటపడితే అది గాలి. పై నుంచి కిందికి తేటపడి అడుగున మడ్డి చేరితే మన్ను. మీ గ్లాసు ఎటు నుంచి తేటపడిందో, ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి రాయండి.

మీ తాత