ప్రధాన సంఖ్యేనని తేల్చడానికి రెండు పరీక్షలెందుకు?

2024 అక్టోబరు 21న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ప్రధాన సంఖ్యేనని ప్రకటించారు. అంకెలు 4,10,24,320. మొదట డబ్లిన్‌లోని ఒక ఎన్విడియా ఏ100 చిప్ ‘బహుశా ప్రధానమే’ అంది. ఆ తర్వాతే టెక్సాస్‌లోని హెచ్100 చిప్ మీద వేరే పరీక్ష చేసి ఖాయం చేశారు. రుజువు చేసే పరీక్ష చేతిలో ఉండగా, రుజువు చేయలేనిదాన్ని ముందు ఎందుకు నడిపినట్టు?

2 ఘాతం నుంచి 1 తీసేస్తే వచ్చే ఈ సంఖ్యల్లో పొరపాట్లు మొదటి నుంచీ ఉన్నవే. 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ ఇచ్చిన ప్రధానాల జాబితాలో 67, 257 ఘాతాలు తప్పు. 61, 89, 107 జారిపోయాయి. 1876లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు లూకాస్ 2⁶⁷ − 1 సంయుక్త సంఖ్య అని ఒక్క కారణాంకం కూడా చూపకుండానే తేల్చాడు. కారణాంకాలు 19,37,07,721, 7,61,83,82,57,287 అని అమెరికన్ గణితజ్ఞుడు కోల్ చూపింది 1903లో.

లూకాస్ పద్ధతిని 1930లలో అమెరికన్ గణితజ్ఞుడు లేమర్ సులువు చేశాడు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 31కి (2⁵ − 1) చూడండి: 4, 14, 194. 31తో భాగిస్తే 194 శేషం 8. 8² − 2 = 62, శేషం 0. భాగహారం కూడా అక్కర్లేదు: 194ని బైనరీలో 110 00010 అని విడగొట్టి, రెండు ముక్కలూ (6, 2) కలిపితే అదే 8.

ఇబ్బంది మెట్ల సంఖ్యతోనే. 13 కోట్లకు పైగా మెట్లలో ఎక్కడో ఒక్క బిట్ మారినా ఆఖరి శేషం చెత్తే, అదీ సున్నా కాని చెత్త. నిజమైన సంయుక్త సంఖ్యకు వచ్చే జవాబూ అలాగే ఉంటుంది కాబట్టి అసలు ప్రధానం చేజారినా తెలియదు. గుణకారాలు దశాంశాల్లో జరుగుతాయి. జవాబును దగ్గరి పూర్ణాంకానికి సవరించేటప్పుడు తేడా 0.5కి చేరువైతే పక్క పూర్ణాంకంలో పడతాం. మధ్యలో శేషం పొరపాటున సున్నా అయిపోతే మరీ విచిత్రం: తర్వాత −2, ఆపైన 2, ఇక 2² − 2 ఎప్పటికీ 2. ఆఖర్న 2 కనబడితే మెషీన్‌నే అనుమానించాలి. అందుకే చాలా ఏళ్లు ప్రతి సంఖ్యనూ రెండుసార్లు లెక్కించారు.

2017లో రాబర్ట్ గెర్బిజ్ చూపిన తనిఖీ దీన్ని మార్చింది. అది పనిచేసేది వేరే పరీక్షలో: 3తో మొదలుపెట్టి, శేషమే ఉంచుకుంటూ, ఉత్త వర్గాలే చేస్తూ పోవాలి. ఘాతమెంతో అన్నిసార్లు చేశాక ప్రధానమైతే 9 రావాలి. 31కి: 3, 9, 19, 20, 28, 9. ప్రతి 1000 మెట్లకు వచ్చే శేషాలను మొదటి 3తో సహా గుణించి పెట్టుకుంటే, ఆ లబ్ధాన్ని 1000 సార్లు వర్గం చేసి 3తో గుణించినప్పుడు తర్వాతి లబ్ధం రావాలి. రాకపోతే చివరిసారి సరిపోయిన చోటికి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలు. ప్రతిసారీ సరిచూస్తే పని రెట్టింపవుతుంది కనుక పది లక్షల మెట్లకొకసారి చూసినా చాలు. లూకాస్ పద్ధతిలో ప్రతి మెట్టులోనూ ఉన్న ‘మైనస్ 2’ ఈ గుణకార బంధాన్ని తెంచేస్తుంది, కాబట్టి ఈ తనిఖీ అక్కడ కుదరదు.

డబ్లిన్‌లో ముందు నడిచింది ఈ 3తో చేసే పరీక్షే. ఇందులో 9 రాకపోతే సంయుక్తమని ఖాయం. 9 వస్తే మాత్రం రుజువు కాదు. అరుదుగా కొన్ని సంయుక్త సంఖ్యలూ ఇలాంటి పరీక్ష దాటేస్తాయి. వడపోత అంతా దీనితో సాగించి, దాటిన ఆ ఒక్కదానికే లూకాస్–లేమర్ పరీక్షను వేర్వేరు మెషీన్ల మీద, వేర్వేరు ప్రోగ్రాములతో నడుపుతారు.