వదిలేసినవాడే దారి చూపిస్తాడు

మా అక్క కొడుకు అట్లాంటాలోని జార్జియా టెక్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు శనివారాలు ఫుట్‌బాల్ చూడ్డం మొదలుపెట్టాడు. అంటే అమెరికన్ ఫుట్‌బాల్, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేది. 2009 అక్టోబరులో ఒక ఆట అయిపోగానే ఫోన్ చేశాడు. "మామయ్యా, వందకిలోలపైన ఉన్నవాడు మీదికి దూసుకొస్తుంటే మావాళ్ళు ఒక్కరు కూడా అడ్డుకోవట్లేదు. చేతకాక కాదు, కావాలనే వదిలేస్తున్నారు. అయినా బంతి ముందుకే పోతోంది. ఇందులో లెక్క ఏమైనా ఉందా?"

ఉంది. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ రాత్రి నుంచి నేనూ ఆ ఆటలు చూస్తున్నాను. అన్నిటికన్నా నాకు నచ్చింది త్రీ-ఫోర్ అనే రక్షణ వ్యూహాన్ని ఛేదించే తీరు.

ఆట నియమాలన్నీ ఇక్కడ అక్కర్లేదు. ఒక్కో వైపు పదకొండుమంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. ఇంత తెలిస్తే చాలు.

బంతి దగ్గర ఆఫెన్స్ వైపు, అంటే బంతి ఉన్న జట్టు వైపు, ఐదుగురు భారీ మనుషులు వరసగా నిలుస్తారు. నడుమ సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, వాళ్ళ పక్కన టాకిల్స్. వీళ్ళకు ఎదురుగా త్రీ-ఫోర్ డిఫెన్స్ ముగ్గురినే నేలకు చెయ్యి ఆనించి వంగమంటుంది. ఆ ముగ్గురిలో నడిమివాడు నోస్ టాకిల్. సెంటర్ ముక్కుకు ఎదురుగా ఉంటాడు కాబట్టి ఆ పేరు. మిగతా ఇద్దరు ఎండ్స్. వీళ్ళు కాక నలుగురు లైన్‌బ్యాకర్లు నిలబడే ఉంటారు, ఇద్దరు లోపల, ఇద్దరు బయటి అంచుల్లో. దీని మూలం 1940ల చివర ఓక్లహామా విశ్వవిద్యాలయంలో బడ్ విల్కిన్సన్ ఆడించిన ఐదు-రెండు వ్యూహం. ఆ ఐదుగురిలో చివరి ఇద్దరూ లేచి నిలబడి లైన్‌బ్యాకర్లయితే అదే త్రీ-ఫోర్. కాలేజీలకు ఇది నచ్చడానికి మామూలు కారణం కూడా ఒకటుంది. నూటముప్పై కిలోలుండి చురుగ్గా కదిలే కుర్రాళ్ళు దొరకడం కష్టం. నూటపది కిలోలుండి పరిగెత్తగలవాళ్ళు అంతకన్నా సులువుగా దొరుకుతారు.

దీని అసలు బలం బరువులో లేదు, మూసిన గుప్పిటలో ఉంది. ముగ్గురు ఎలాగూ వస్తారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద ఒత్తిడి పెట్టాలంటే మామూలుగా నలుగురు కావాలి. ఆ నాలుగోవాడు ఎవడు? నిలబడ్డ నలుగురిలో ఎవరైనా కావచ్చు. ఇద్దరు రావచ్చు, ఎవరూ రాకపోవచ్చు. ఒక్కో లైన్‌బ్యాకర్‌కు వస్తాడు, రాడు అని రెండేసి దారులు వేసుకుంటే రెండును నాలుగుసార్లు గుణించాలి, అంటే పదహారు అవకాశాలు. నలుగురు వంగి ముగ్గురు నిలబడే ఫోర్-త్రీలో ఇదే లెక్క వేస్తే ఎనిమిదే. ఒక అవును-కాదు ప్రశ్నకు జవాబు ఎంతో అంత సమాచారాన్ని సమాచార శాస్త్రం ఒక బిట్ అంటుంది. ఆ భాషలో చెప్పాలంటే త్రీ-ఫోర్ దాచుకున్న రహస్యం నాలుగు బిట్లు, ఫోర్-త్రీది మూడు బిట్లు. పదహారూ సమానంగా జరగవు, నిజమే. అయితే వంగినవాళ్ళలో ఒకడు ముందుకు రాకుండా వెనక్కి జారుకునే ఎత్తులూ ఉన్నాయి కాబట్టి రహస్యం ఆ నాలుగు బిట్ల దగ్గరే ఆగిపోదు.

బంతి కదలకముందే ఈ గుప్పిట విప్పించాలని ఆఫెన్స్ చాలా చేస్తుంది. ఒక ఆటగాణ్ణి అడ్డంగా పరిగెత్తిస్తుంది, ఎవరు అతని వెంట కదిలారో చూస్తుంది. గుండ్రంగా చేరి మాట్లాడుకోవడం మానేసి వెంటవెంటనే ఆడుతుంది, దాంతో నోస్ టాకిల్ ఊపిరి అందక అలసిపోతాడు. ఇవి కొంతవరకు పనిచేస్తాయి. మిగిలిందంతా ఊహే. ఊహ దగ్గరికి వచ్చేసరికి మనుషులు ఎక్కడైనా ఒకటే. సౌత్ కరొలైనాలోని క్లెమ్సన్ జట్టు మైదానంలోకి దిగే ముందు ఒక రాతిని చేత్తో తాకుతుంది, కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నుంచి తెచ్చిన రాయి అది. మన దగ్గర పరీక్షకు వెళ్ళే పిల్లలు కలానికి కుంకుమ పెట్టించుకోవడం నేను ముప్పై ఏళ్ళు చూశాను. ధైర్యం వస్తే రానివ్వండి, నేనెప్పుడూ కాదనలేదు. కానీ పదహారు అవకాశాల్లో జరగబోయేది ఏదో రాయీ చెప్పదు, కుంకుమా చెప్పదు.

ఇక్కడే ఆ అందమైన ఆలోచన వచ్చింది. ముందుగా తెలుసుకోలేనప్పుడు ముందుగా నిర్ణయించుకోవడం దేనికి? నీ గుప్పిట విప్పాకే నా ఎత్తు వేస్తాను. దీన్నే ఆప్షన్ ఆట అంటారు.

2008లో జార్జియా టెక్‌కు కోచ్‌గా వచ్చిన పాల్ జాన్సన్ అంతకుముందు ఆరేళ్ళు అమెరికా నావికాదళ అకాడమీ జట్టు నేవీతో ఆడించింది, అట్లాంటాలోనూ ఆడించింది ఈ ఆటనే. క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకే నిలుస్తాడు. అతని వెనక, నాలుగైదు గజాల దూరంలో బలమైన పరుగువాడు ఒకడు. రెండు అంచుల్లో చెరొక తేలికపాటి పరుగువాడు. ఆట కుడివైపు అనుకుందాం. బంతి కదిలే ముందే ఎడమ అంచువాడు వెనకనుంచి కుడికి పరుగు మొదలుపెడతాడు.

ఇప్పుడు లెక్క. కుడివైపు ఆటలో వెంటనే జోక్యం చేసుకోగల డిఫెన్స్ మనుషులు ఐదుగురు: నోస్, కుడి టాకిల్ ఎదురుగా ఉన్న ఎండ్, బయటి లైన్‌బ్యాకర్, లోపలి లైన్‌బ్యాకర్లు ఇద్దరూ. వాళ్ళను అడ్డుకోవడానికి దగ్గర్లో ఉన్నది సెంటర్, కుడి గార్డ్, కుడి టాకిల్. ఐదుగురికి ముగ్గురు చాలరు. అందుకని ఇద్దర్ని వదిలేస్తారు, ఎండ్‌ను, బయటి లైన్‌బ్యాకర్‌ను. మా మేనల్లుడు చూసింది ఇదే. ముగ్గురికి ముగ్గురు సరిపోయారు. సెంటర్, గార్డ్ ఇద్దరూ కలిసి నోస్ మీద పడి అతన్ని తోస్తారు, తర్వాత వాళ్ళలో ఒకడు జారి దూరంగా ఉన్న లోపలి లైన్‌బ్యాకర్ మీదికి పోతాడు. టాకిల్ తన ఎదురుగా ఉన్న ఎండ్‌ను ముట్టకుండా పక్కనుంచి లోపలికి దూరి రెండో లోపలి లైన్‌బ్యాకర్‌ను పట్టుకుంటాడు. త్రీ-ఫోర్‌లో నోస్ టాకిల్ ఉద్యోగమే ఇద్దర్ని తన మీదికి లాక్కుని వెనకున్న లైన్‌బ్యాకర్లకు దారి ఖాళీ చేయించడం. ఇక్కడ ఆ ఇద్దరూ వచ్చారు, అయినా లైన్‌బ్యాకర్లకు స్వేచ్ఛ దొరకలేదు.

మరి వదిలేసిన ఇద్దరి సంగతి? వాళ్ళను క్వార్టర్‌బ్యాక్ కళ్ళు చూసుకుంటాయి. అతను బంతిని బలమైన పరుగువాడి పొట్ట దగ్గర పెట్టి, చెయ్యి వదలకుండా ఒకటి రెండు అడుగులు అతనితో పాటు సాగుతాడు. చూపు మాత్రం ఎండ్ మీదే. ఎండ్ ఆ పరుగువాడి మీదికి లోపలికి వచ్చాడా, బంతి వెనక్కి లాక్కుంటాడు. రాలేదా, వదిలేస్తాడు, పరుగువాడు నడుమనుంచి దూసుకుపోతాడు. బంతి లాక్కుంటే ఇప్పుడు చూపు బయటి లైన్‌బ్యాకర్ మీద. అతను క్వార్టర్‌బ్యాక్ మీదికి వస్తే బంతి పక్కకి, అడ్డంగా పరిగెత్తి వస్తున్న అంచువాడికి విసురుతాడు. అంచువాడి కోసం బయటికి పోతే క్వార్టర్‌బ్యాక్ తనే ముందుకు మళ్ళుతాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంటుంది ఆ లైన్‌బ్యాకర్ పరిస్థితి. ఎటు కదిలినా ఆ కదలికే తప్పవుతుంది. అతన్ని ఎవరూ ముట్టుకోలేదు, అయినా అతను ఆటలో లేడు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇందులో ప్రశ్నలను పేర్చిన తీరు. 1952లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ ఒక విషయం చూపించాడు. మనిషి ముందు ఎంపికలు పెరిగే కొద్దీ స్పందించడానికి పట్టే కాలం పెరుగుతుంది, అయితే నేరుగా కాదు, లాగరిథమ్ ప్రకారం. ఎంపికలు రెట్టింపైన ప్రతిసారీ దాదాపు ఒకే మోతాదులో ఆలస్యం కలుస్తుంది. ప్రయోగశాల కొలతల్లో ఆ మోతాదు బిట్‌కు 0.15 సెకను దరిదాపుల్లో ఉంటుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది. సెకనుకు ఏడు మీటర్లు పరిగెత్తేవాడు 0.15 సెకనులో మీటరు పైన దాటిపోతాడు. పట్టుకోబోయేవాడి చెయ్యి పొడవు మీటరు లేదు.

ఇప్పుడు చూడండి. బంతి ముగ్గురిలో ఎవరిదగ్గరైనా ఉండవచ్చు. దాన్ని వెతికే డిఫెన్స్ మనిషి మూడు అవకాశాలనూ ఒకేసారి మోయాలి. అంటే బిట్టున్నర కన్నా కాస్త ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ కూడా అదే మూడింటిలో ఒకదాన్ని ఎంచుకుంటున్నాడు, కానీ ఒకేసారి కాదు. ముందు ఒక అవును-కాదు ప్రశ్న. దాని జవాబు దొరికాకే, అదీ అవసరమైతేనే, రెండో అవును-కాదు ప్రశ్న. ఏ క్షణంలోనూ అతని తలలో ఒక బిట్ కన్నా ఎక్కువ బరువు లేదు. పైగా ఎక్కడ చూడాలో అతనికి ముందే తెలుసు. ఒకే చెట్టును ఒకడు కొమ్మ తర్వాత కొమ్మ పట్టుకుని ఎక్కుతుంటే, రెండోవాడు కింద నిలబడి అన్ని కొమ్మల వైపూ చూస్తున్నట్టు.

క్లాసులో నేను ఇదే చెప్పడానికి ప్రయత్నించేవాణ్ణి. పెద్ద లెక్క ఇవ్వగానే పిల్లలు చివరి జవాబు కోసం వెతుకుతారు. ముందు ఒక్క ప్రశ్న అడుగు, దాని జవాబు వచ్చాక రెండోది అడుగు అంటే వినేవాళ్ళు తక్కువ. లెక్క చూడకముందే సూత్రం బట్టీ పట్టించే అలవాటు మనది. అలా పెరిగినవాడికి "చూశాక తేల్చుకో" అన్న మాట భయం పుట్టిస్తుంది, టెన్షన్ పడిపోతాడు. ఆప్షన్ ఆడే కుర్రాళ్ళకు ఆ భయం పోయేదాకా అవే రెండు ప్రశ్నలు వేలసార్లు ఎదురవుతాయి. సాధనతో హిక్ చెప్పిన ఆలస్యం తగ్గుతుందని కూడా తర్వాతి ప్రయోగాలు చూపించాయి. డిఫెన్స్‌కు ఆ సాధన దొరకదు. ఇలాంటి ఆట ఆడే జట్లు అరుదు, మామూలుగా సిద్ధం కావడానికి వారమే ఉంటుంది. వ్యవధి ఎక్కువ దొరికినప్పుడు ఏమవుతుందో 2008 చివరి రోజున కనిపించింది. కొన్ని వారాల విరామం తర్వాత ఆడిన బౌల్ ఆటలో, అంటే సీజన్ అయ్యాక జరిగే ప్రత్యేక ఆటలో, లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం జట్టు ఎల్ఎస్‌యూ 38-3తో జార్జియా టెక్‌ను చిత్తుచేసింది. అదే నియమం అనడానికీ లేదు. 2014 చివరి రోజున అంతే విరామం తర్వాత మిసిసిపీ స్టేట్ మీద జార్జియా టెక్ 49-34తో గెలిచింది.

మావాడు ఫోన్ చేసిన ఆటలో ఎదుటి జట్టు వర్జీనియా. దాని కోచ్ అల్ గ్రో ప్రొఫెషనల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్‌లో కోచ్ బిల్ పార్సెల్స్ దగ్గర పనిచేసి వచ్చినవాడు, త్రీ-ఫోర్‌ను నమ్ముకున్నవాడు. 2008లో అట్లాంటాకే వచ్చి 24-17తో గెలిచాడు. మరుసటి ఏడు వర్జీనియా సొంత ఊరు షార్లట్స్‌విల్‌లో జార్జియా టెక్ 34-9తో గెలిచింది. 1990 తర్వాత ఆ ఊళ్ళో వాళ్ళకు అదే మొదటి గెలుపు. క్వార్టర్‌బ్యాక్ జాష్ నెస్బిట్‌కు ఈ రెండు ప్రశ్నలతో అది రెండో ఏడాది. 2010లో గ్రో జార్జియా టెక్‌కే డిఫెన్స్ కోచ్‌గా వచ్చాడు. ఒకే సాధన మైదానంలో ఒక వైపు ఆప్షన్, ఇంకో వైపు త్రీ-ఫోర్. ఆ సాధన చూడాలని నాకు ఎంత కోరికో!

బంతి విసిరే జట్లు కూడా ఇదే ఆలోచనను తీసుకున్నాయి. క్వార్టర్‌బ్యాక్ పరుగువాడికి బంతి ఇవ్వబోతూ లోపలి లైన్‌బ్యాకర్‌ను చూస్తాడు. అతను పరుగు ఆపడానికి ముందుకు అడుగేస్తే, అతను ఖాళీ చేసిన చోటుకే బంతి విసురుతాడు. వెనక్కి పోతే పరుగువాడికి ఇచ్చేస్తాడు. ఇది కాలేజీల్లో బాగా పండటానికి నియమం సాయం చేస్తుంది. బంతి విసిరేలోపు ముందు వరసలోని ఆ ఐదుగురు లైన్ ఆటగాళ్ళు కాలేజీల్లో మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క గజమే. మైదానం గీతలూ సాయం చేస్తాయి. వెడల్పు 160 అడుగులు. కాలేజీ మైదానంలో బంతి పెట్టే లోపలి గీతలు అంచులకు 60 అడుగుల దూరంలో ఉంటాయి. బంతి ఒక గీత మీద ఉంటే ఒక వైపు 60 అడుగులు, రెండో వైపు 100 అడుగులు. ఆ వంద అడుగుల వైపున్న బయటి లైన్‌బ్యాకర్‌కు ఎటు పోవాలన్న సందేహం ఇంకా ఖరీదైనది.

డిఫెన్స్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మొదటి మందు, సందేహాన్నే తీసేయడం. ఏం జరిగినా ఎండ్ మొదటి పరుగువాణ్ణే పట్టాలి, బయటివాడు క్వార్టర్‌బ్యాక్‌నే పట్టాలి, అందరికన్నా వెనక కాపలా ఉండే సేఫ్టీ అనే ఆటగాడు ముందుకొచ్చి అంచువాణ్ణి పట్టాలి. ఎంపిక లేకపోతే ఆలస్యమూ లేదు. కానీ అప్పుడు రహస్యమూ ఉండదు. ఎవరు ఎవర్ని పడతారో రెండు ఆటల్లో క్వార్టర్‌బ్యాక్‌కు తెలిసిపోతుంది, మూడో ఆటలో సేఫ్టీ మీదికి అడ్డుకునేవాణ్ణి పంపుతారు. అందుకని రెండో మందు, పనులు మార్చుకోవడం. ఎండ్ కావాలనే పరుగువాడి మీదికి దూకుతాడు, అది చూసి క్వార్టర్‌బ్యాక్ బంతి లాక్కుంటాడు. ఆ క్షణానికి లోపలి లైన్‌బ్యాకర్ ఎండ్ వెనకనుంచి చుట్టి వచ్చి క్వార్టర్‌బ్యాక్ ఎదుట నిలబడి ఉంటాడు. త్రీ-ఫోర్ మూసిన గుప్పిట బంతి కదిలాక కూడా విప్పలేదన్నమాట. దానికి ఆఫెన్స్ జవాబు టాకిల్ దగ్గర ఉంది. లోపలికి దూరబోతూ, తను పట్టాల్సిన లైన్‌బ్యాకర్ బయటికి చుడుతున్నాడని భుజం కదలికను బట్టి గమనిస్తే, అతనూ దారి మార్చి వెంటపడాలి. ఇప్పుడు చూసి తేల్చుకోవాల్సినవాడు క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే కాదు, నూటముప్పై కిలోల టాకిల్ కూడా. అతనికి దొరికే వ్యవధి అడుగున్నర.