పాలపొడిలోకి మెలమైన్ ఎలా చేరింది?

2008 సెప్టెంబరులో భారత్ చైనా పాల ఉత్పత్తుల దిగుమతిని నిషేధించింది. తరువాత ఆ నిషేధాన్ని పలుమార్లు పొడిగించింది. అందుకు కారణమైన మెలమైన్ ఒక తెల్లని పొడి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1834లోనే దీన్ని తయారు చేశాడు. నేటి కర్మాగారాల్లో యూరియా నుంచి చేస్తున్నారు. ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో కలిస్తే ఇది రెసిన్ అనే గట్టి ప్లాస్టిక్ అవుతుంది. బల్లల మీది సన్‌మైకా పైపొర, టిఫిన్ సెంటర్లలో కింద పడినా తేలిగ్గా పగలని పళ్ళాలు ఆ రెసిన్‌తో చేసినవే.

బల్లలకూ పళ్ళాలకూ వాడే సరుకు పసిపిల్లల పాలలోకి చేరడానికి దారి ఇచ్చింది ఒక పరీక్ష. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ నత్రజనిని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ప్రోటీన్లలో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది కనుక, వచ్చిన అంకెను 6.25తో, పాలకైతే 6.38తో హెచ్చించి ప్రోటీన్ లెక్క కడతారు. ఆ నత్రజని ఎక్కడిదో మాత్రం ఈ పరీక్షకు తెలియదు. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే! నీళ్ళు కలిపిన పాలలో కాస్త వేస్తే చాలు, ప్రోటీన్ అంకె మళ్ళీ పైకి లేస్తుంది. చైనాలో రైతుల నుంచి పాలు సేకరించే దళారులు కొందరు చేసింది ఇదే.

హెచ్చరిక ముందే వచ్చింది. 2007లో అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయినప్పుడు, వాటి ఆహారంలో వాడిన చైనా గోధుమ గ్లూటెన్‌లో (గోధుమలోని ప్రోటీన్) మెలమైన్ బయటపడింది. ఆనాడే పాలనూ పరీక్షించి ఉండవలసింది. పాలపొడి చేసే చైనా కంపెనీ సాన్లుకు 2007 చివరి నుంచే ఫిర్యాదులు అందుతున్నా, విషయం 2008 సెప్టెంబరు దాకా జనానికి తెలియలేదు. అప్పటికే ఆలస్యమైంది. దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు.

ఎలుకలపై ప్రయోగాల్లో మెలమైన్ తీవ్ర విషంగా కనిపించదు. అయితే శరీరం దాన్ని అరిగించుకోలేదు. మూత్రపిండాల్లో యూరిక్ ఆమ్లంతో కలిసి రాళ్ళు కట్టి, మూత్రమార్గాన్ని మూసేస్తుంది. పాలపొడి తప్ప వేరే ఆహారం లేని శిశువు ఒంట్లోకి పూటపూటా అదే చేరుతుంది. అందుకే దెబ్బ వాళ్ళకే ఎక్కువ తగిలింది.

2010లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ శిశువుల పాలపొడికి కిలోకు 1 మిల్లీగ్రాము, ఇతర ఆహారాలకు 2.5 మిల్లీగ్రాముల పరిమితి విధించింది. ఇప్పుడు మెలమైన్‌నే నేరుగా పట్టుకునే పరీక్షలున్నాయి.

మెలమైన్ పళ్ళాలను చూసి భయపడనక్కర్లేదు, వాటిని వాడే తీరు తెలిస్తే చాలు. తైవాన్‌లో 2013లో వెలువడిన చిన్న అధ్యయనంలో, ఈ గిన్నెల్లో వేడి నూడుల్స్ సూప్ తాగినవారి మూత్రంలో మెలమైన్ పెరిగింది. పెరిగింది మైక్రోగ్రాముల్లోనే. వేడి, పులుపు కలిస్తే రెసిన్ నుంచి ఎక్కువ ఊరుతుంది కాబట్టి, మరిగే చారూ పులుసూ స్టీలు గిన్నెలోనే పోసుకోవాలి. మెలమైన్ పళ్ళాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. మెలమైన్ పొడితో పనిచేసే కార్మికులకు దుమ్ము లోపలికి పోకుండా మాస్కు ఉండాలి. నిల్వకు నిప్పంటుకుంటే అమ్మోనియాతోపాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వెలువడుతుంది కనుక, మంటలార్పేవారికి శ్వాస పరికరాలు తప్పనిసరి.