మీటరు పాడవలేదు మావయ్యా

ఆకివీడు దగ్గర మా మావయ్యకి రెండెకరాల రొయ్యల చెరువుంది. మొన్న వెళ్తే పీహెచ్ మీటరు, అంటే నీళ్ళలో ఆమ్లం ఎక్కువుందో క్షారం ఎక్కువుందో కొలిచేది, నా చేతిలో పెట్టి, "ఇది పోయిందిరా అబ్బాయ్. పొద్దున్న 7.8 చూపించింది, ఇప్పుడు 8.8 అంటోంది" అన్నాడు. అప్పుడు మధ్యాహ్నం మూడు. మీటరుకేం కాలేదు, నీళ్ళే మారాయి.

గోళీసోడా తాగితే నాలుక చురుక్కుమంటుంది కదా. అందులో ఒత్తిడితో కరిగించిన కార్బన్ డయాక్సైడ్ కొంత కార్బోనిక్ ఆమ్లంగా మారి, నీళ్ళలోకి హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. చెరువులోనూ రాత్రంతా ఇదే వ్యవహారం, కాకపోతే నిదానంగా. రొయ్యలు, నాచు, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ వదిలేది ఆ వాయువునే. తెల్లారేసరికి అది పేరుకుని పీహెచ్ దిగుతుంది. ఎండెక్కాక ప్లాంక్టన్, అంటే నీళ్ళకు ఆ పచ్చరంగు తెచ్చే సన్నటి నాచు, దాన్ని లాగేసుకుంటుంది. ఆమ్లం తగ్గి పీహెచ్ ఎక్కుతుంది.

"ఒక్క పాయింటేగా!" అన్నాడు మావయ్య. తిరకాసంతా ఆ పాయింటులోనే ఉంది. 1909లో డెన్మార్క్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసే సోరెన్‌సెన్ ఈ కొలత తెచ్చాడు. ఇది లాగరిథమ్ లెక్క. ఒక పాయింటు పెరిగిందంటే హైడ్రోజన్ అయాన్లు పదో వంతుకి పడిపోయినట్టు.

అసలు టెన్షన్ అమ్మోనియాతో. రొయ్యల విసర్జన, తినకుండా మిగిలి కుళ్ళిన మేత, రెండింటి నుంచీ అది పుడుతుంది. హైడ్రోజన్ అయాన్ దొరికితే దాన్ని పట్టుకుని అమ్మోనియం అయాన్ అవుతుంది, అప్పుడు పెద్దగా హాని చెయ్యదు. దొరక్కపోతే విడి అమ్మోనియాగా మిగిలి మొప్పల్లోంచి ఒంట్లోకి దూరుతుంది. 28 డిగ్రీల చప్పటి నీళ్ళలో పీహెచ్ 7.8 దగ్గర ఈ విషరూపం సుమారు 4 శాతం. 8.8 దగ్గర 30 శాతం. మొత్తం అమ్మోనియా రవ్వంత కూడా పెరగకుండానే!

మా వైపు చెరువుకి ఏ జబ్బొచ్చినా ముందు గుర్తొచ్చేది సున్నమే. ఏ సున్నం అన్నది మాత్రం ఎవరూ అడగరు. కాల్చిన సున్నం మీద నీళ్ళు పడితే బుసబుసా పొంగి సెగలు కక్కుతుంది. దాని తేట పీహెచ్ 12 దాటుతుంది. పసుపు నీళ్ళలో చిటికెడు వేస్తే దిష్టి తీసే ఎర్రనీళ్ళవుతాయి చూడండి, ఆ ఎరుపు క్షారం తెచ్చిందే. నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు రంగుకొస్తాయి. బళ్ళో లిట్మస్ కాగితం చూడకముందే మా అమ్మమ్మ పళ్ళెంలో నేను చూసిన ప్రయోగమిది.

కాల్చని సున్నపురాయి పొడి తీరు వేరు. పీహెచ్ 8.3 దాటిన నీళ్ళలో అది దాదాపు కరగదు. పీహెచ్ తగ్గినప్పుడు మెల్లగా కరిగి బైకార్బనేట్ అయాన్లనిస్తుంది. ఇవి ఆమ్లాన్నీ క్షారాన్నీ కొంతవరకు మింగేసి పీహెచ్‌ని మరీ ఊగనివ్వవు. నీళ్ళ రిపోర్టులో ఆల్కలినిటీ అని రాసేది ముఖ్యంగా వీటి లెక్కే.

గట్టు మీద కాల్చిన సున్నం బస్తాలు పది కనిపించాయి. చెక్ ట్రేలో, అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే పళ్ళెంలో, మేత మిగిలిందని ఆ మధ్యాహ్నమే చల్లించబోయాడట.

"మరేం చెయ్యమంటావ్?"

"ఇప్పుడు సున్నం వద్దు మావయ్యా, మేత తగ్గించు. రేపు పొద్దున్న ఆరింటికి మళ్ళీ కొలుద్దాం."

"ఆరింటికి నువ్వు లేస్తావేంట్రా?" అంటూ మీటరు తుడిచి జేబులో వేసుకున్నాడు.