షూలకు ఆయిల్ అంటిన డ్రమ్ము బ్రేకులు: అపోహలు - వాస్తవాలు

పత్తి సీజన్‌ల వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు లోడు దించి, మళ్ల ఊరికి పోయేముందు నా షెడ్డు దగ్గర ఆగే బండ్లు చాన ఉంటయి. బొలెరో పికప్‌లు, టాటా ఏస్‌లు. కంప్లయింట్ దాదాపు ఒక్కటే: "అన్నా, బ్రేకు సాల్తలేదు, హ్యాండ్ బ్రేకయితే అసలే ఆగుతలేదు." వెనక చక్రం విప్పి డ్రమ్ము గుంజితే లోపలంత నల్లగ, తడిగ, జిగటగ. షూలు, అంటే డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపే ముక్కలు, పోయినయని చెప్పంగనే బేరం మొదలయితది. ఆ బేరంల రోజూ వినే మాటలే ఇవి.

అపోహ: పెట్రోల్ పోసి కడిగితే, లేదంటే కాల్చితే షూలు మళ్ల పనికొస్తయి

ఒకప్పుడు నేను గూడ నమ్మిన. పని నేర్చుకునే రోజుల్ల ఉస్తాద్ లేని పూట ఒక జీపు వచ్చింది. షూల మీద పెట్రోల్ పోసి అంటుపెట్టిన. నల్లటి పొగంత పోయినంక ఉప్పు కాగితంతోని రుద్ది బిగించిన. ట్రయల్‌ల బ్రేకు మంచిగనే పట్టింది. నాలుగో రోజు బండి తిరిగొచ్చింది. ఉస్తాద్ తిట్టలేదు. ఆ షూ విప్పి స్టవ్ సెగకు పట్టిండు. షూ మీద డ్రమ్ముకు రుద్దుకునే పొరను లైనింగ్ అంటరు. పొడిగ కనిపిస్తున్న ఆ లైనింగ్ మీద చెమట పట్టినట్టు నూనె బొట్లు పైకి తేలినయి.

లైనింగ్ ఇనుప ముక్క కాదు. నార, లోహపు పొడి, రబ్బరు, రెసిన్ కలిపి వేడి మీద ఒత్తిన దిమ్మ. దాంట్ల కంటికి కనపడని రంధ్రాలుంటయి, ఆయిల్ వాటిల్లకు దిగుతది. పెట్రోల్ పైపొరనే కడుగుతది. లోపలున్నది బ్రేకు వేడెక్కినప్పుడల్ల మళ్ల పైకొస్తది, అంటే నీకు బ్రేకు బాగా అవసరం పడ్డప్పుడే. కాల్చితే ఇంకో నష్టం: ఆయిల్‌తో పాటు పొడినంత పట్టి ఉంచే రెసిన్ గూడ మాడుతది. పైన అద్దం లెక్క నున్నగయితది, లేకుంటే లైనింగ్ పెళుసయి రాలుతది. కిరోసిన్, డీజిల్ మాటే ఎత్తొద్దు, అవే జిడ్డు.

ఒక్క మినహాయింపు ఇస్త. బిగించేటప్పుడు గ్రీజు చేతి మరక పడ్డదనుకో, అప్పటికప్పుడు బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిస్తే చాలు, నాననే లేదు కాబట్టి. డ్రమ్ముది గూడ వేరే కథ. అది పోత ఇనుము, జిడ్డు పైననే ఉంటది. సర్ఫు, వేడినీళ్లతోని కడిగి, క్లీనర్ కొట్టి, ఆరబెట్టి మళ్ల వేసుకోవచ్చు. లేత్ పట్టించాలనుకుంటే మాత్రం డ్రమ్ము మీద పోతల్నే ఉండే గరిష్ఠ వ్యాసం అంకె చూడాలె. అది దాటితే డ్రమ్ము స్క్రాపే.

అపోహ: కొత్త షూలు వేస్తే పని అయిపోయినట్టే

పైసలు ఎక్కువ వృథా అయ్యేది ఈ మాట తోనే. ఆయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండ షూలు మారిస్తే నెల తిరగకముందే కొత్తవి గూడ నానుతయి.

ముందు అది ఏ ఆయిల్ అన్నది తేల్చాలె. నేనయితే గ్లాసుల నీళ్లు పోసి ఒక బొట్టు వేస్త. డాట్ 3, డాట్ 4 బ్రేకాయిల్ నీళ్లల్ల కలిసిపోతది. గేర్ ఆయిల్ పైన తేలుతది, గంధకం లెక్క ఘాటు వాసనొస్తది. బ్రేకాయిల్ అయితే దొంగ వీల్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే షూలను డ్రమ్ము మీదికి తోసేది. దాని రబ్బరు టోపీ కొద్దిగ ఎత్తి చూస్తే లోపల తడి ఉంటది. ఆల్టో లాంటి ముందు చక్రాలతోని నడిచే కార్లకు వెనక డ్రమ్ముల గేర్ ఆయిల్ పడే దారే లేదు. అక్కడ సిలిండర్ చూడాలె, లేకుంటే హబ్బు బేరింగ్‌ల కూరిన గ్రీజు.

బొలెరో, ఏస్ లాంటి వాటికి వెనక హౌసింగ్ (గేర్లు, ఆయిల్ ఉండే ఇరుసు పెట్టె) నుంచి యాక్సిల్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) పక్క పొంటి గేర్ ఆయిల్ కారుతది. "సీల్ మార్చు" అంటరు. సీల్ అంటే ఆయిల్ బయటికి రాకుండ ఆపే రబ్బరు రింగు. మారుస్త, కాని అది ఊకెనే పోదు. షాఫ్ట్ మీద సీల్ పెదవి తాకే చోట గోరుతోని గీకి చూడు. గాడి తగిలితే కొత్త సీల్ గూడ ఆగదు. బేరింగ్‌ల ఆట ఉన్నా అంతే, షాఫ్ట్ ఊగుకుంట సీల్‌ను తినేస్తది.

ఇంక నా షెడ్డుల ఎక్కువ దొరికే దొంగ బ్రీదర్. హౌసింగ్ మీద చిన్న టోపీ లెక్క ఉంటది. లోపల వేడికి ఉబ్బిన గాలి దాంట్లకెళ్లే బయటికి పోవాలె. నర్సంపేట, పరకాల దిక్కు పొలాలల్ల దిగిన బండ్లకు అది రేగడి మట్టితోని మూసుకపోయి ఉంటది. గాలికి దారి లేక ఆయిల్‌ను సీల్ మీదికి తోస్తది. వాగు దాటేటప్పుడు దీనికి ఉల్టా: వేడి హౌసింగ్ చల్లబడి లోపలికి గుంజుతది, సీల్ పక్క నుంచి నీళ్లు పోతయి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ లెక్క మారిందంటే అదే. నాలుగు చుక్కల డీజిల్ పెట్టి బ్రీదర్ కడగడానికి అయిదు నిమిషాలు. దాన్ని చూడకుండ మూడు సార్లు సీల్ మార్పించుకున్న బండి నా దగ్గరికి వచ్చింది. ఆయిల్ గూడ నింపుడు రంధ్రం కింది అంచు దాక ఉంటే చాలు, "ఇంకింత పొయ్యి" అంటే అది గూడ డ్రమ్ములకే దారి.

అపోహ: ట్రాక్టర్ బ్రేకులు ఆయిల్‌ల మునిగే ఉంటయి కద, దీనికేమయితది?

రైతులు అడుగుతరు, న్యాయమైన ప్రశ్న. ఆయిల్ బ్రేకుల ట్రాక్టర్‌ల పని చేసేది ఒకదాని పక్కన ఒకటి పేర్చిన డిస్కులు. వాటి మెటీరియల్ ఆయిల్ కోసమే చేసింది, ఒత్తిడి గూడ దానికి తగ్గట్టు ఉంటది, వేడిని ఆయిలే మోసుకపోతది. నీ పికప్ షూ పొడిగ రుద్దుకోవడానికి పుట్టింది. ఆయిల్ బ్రేకులు లేని పాత ట్రాక్టర్లల్ల ఆయిల్ పడితే వాటికి గూడ ఇదే గతి.

అపోహ: తొక్కుకుంట పోతే అదే ఆరుతది

నీళ్లయితే ఆరుతది. ఆయిల్ ఆరదు.

అపోహ: ఒక పక్కనే తడిసింది, ఆ పక్కవే మార్చు

రెండు పక్కలవీ మార్చాలె. ఒక దిక్కు కొత్తది, ఒక దిక్కు పాతది పెడితే పట్టు తేడా వచ్చి వానల బండి తోక తిరుగుతది. ఇంకోటి, ఆయిల్ కొంచమే అంటిన షూ ఒక్కోసారి జారదు, ఉల్టా గబుక్కున పట్టేస్తది. "ఈ చక్రం బ్రేకు జబర్దస్త్ ఉంది" అని సంబురపడే డ్రైవర్లను చూసిన. ఆ చక్రమే ముందు విప్పాలె.

అపోహ: వీల్ సిలిండర్‌ను పెట్రోల్ల కడిగి కొత్త రబ్బర్ల కిట్ వేస్తే చాలు

ఆ రబ్బర్లకు పెట్రోల్, ఇంజినాయిల్ విషం, ఉబ్బిపోతయి. కడిగేది బ్రేకాయిల్‌తోనే. లోపలి గోడకు తుప్పు గుంటలుంటే కిట్ దండుగ, సిలిండరే మార్చుకో. అర్జంటని బ్రేకాయిల్ డబ్బాల ఇంజినాయిల్ పోసినోళ్లకు పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ దాక రబ్బర్లన్ని మార్చాల్సి వచ్చింది.

అపోహ: డ్రమ్ముల దుమ్ము కంప్రెసర్ గాలితోని కొడితే శుభ్రం

పాత లైనింగుల్ల ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ పొడి ఊపిరితిత్తుల్లకు పోతే క్యాన్సర్ దాక తీసుకపోతది. తడి గుడ్డతోని తుడువు. మా పిల్లగాళ్లు ఇప్పటికీ నేను లేంది చూసి గాలి పైపు పడుతరు.

ఇంక పీకిన షూలు. ఒకసారి నేను స్క్రాపుల వేసిన నానిన జత, ఉప్పు కాగితం రుద్దుకోని ఇంకో బండికెక్కి వారం తర్వాత నా షెడ్డుకే వచ్చింది. వాటి మీద పసుపు పెయింట్‌తోని నేను పెట్టుకున్న గీత చూసి గుర్తుపట్టిన. అప్పటి నుంచి ఉలి పెట్టి లైనింగ్ పగలగొట్టినంకనే స్క్రాపుల వేస్తున్న.