అంచు మీది పిక్సెల్ ఎవరిది?

ఊళ్లో కట్టిన ఫ్లెక్సీల మీది ఫొటోలను కాస్త దగ్గరికి వెళ్లి చూడండి. ముఖం బాగుంటుంది, చొక్కా భుజాలు చక్కగా తెగి ఉంటాయి. జుట్టు దగ్గరే తేడా కొడుతుంది. అంచంతా నున్నగా గొరిగేసినట్టు ఉంటుంది, లేదంటే తల చుట్టూ సన్నటి తెల్లగీత మిగిలిపోతుంది. డిజైన్ చేసినవాళ్లకు పని రాక కాదు. బ్యాక్‌గ్రౌండ్ తీసేయడమంటే కత్తిరించడమే అనుకుంటాం. భుజం దగ్గర అది కత్తిరింపే. జుట్టు దగ్గర కత్తిరించడానికి అసలు గీతే లేదు.

ఎందుకు లేదో చిన్న లెక్కతో తేలిపోతుంది. 12 మెగాపిక్సెల్ ఫొటోలో సాధారణంగా ఒక వైపు 4000, ఇంకో వైపు 3000 పిక్సెళ్లు, అంటే ఒక్కో రంగు మాత్రమే ఉండే అతి చిన్న గడులు, ఉంటాయి. నడుము దాకా నిలువుగా తీసిన ఫొటోలో అడ్డంగా ఒక మీటరు మేర పట్టిందనుకుందాం. ఒక్కో పిక్సెల్ వాటాకు మిల్లీమీటరులో మూడో వంతు వస్తుంది. తలవెంట్రుక మందమేమో చాలావరకు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కాబట్టి విడిగా ఎగిరే వెంట్రుక ఏ పిక్సెల్‌నూ పూర్తిగా నింపలేదు. అందులో కొంత వెంట్రుక, కొంత వెనకాల గోడ. కెమెరా రెండింటినీ కలిపి ఒకే రంగుగా రాసేస్తుంది.

అంచు వెంట గీత గీసి కత్తిరించే పెన్ టూల్‌తో ఎంత ఓపికగా గీసినా ఆ పిక్సెల్‌ను ఉంచాలి, లేదా తీసెయ్యాలి. ఉంచితే గోడ రంగు వెంట వస్తుంది, ఆ తెల్లగీత అదే. తీసేస్తే దాంతోపాటు వెంట్రుకా పోతుంది. ఫెదర్ పెట్టి అంచును మసకబారిస్తే రెండు తప్పులూ కొంచెం కొంచెం జరుగుతాయి. నిజానికి అక్కడ చెయ్యాల్సింది కలిసిపోయిన రెండు రంగులను విడదీయడం, అంటే పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందని చెప్పుకునే హంస పని.

కంప్యూటర్‌లో దీనికి చోటు 1970ల చివర్లో దొరికింది. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న ఆల్వీ రే స్మిత్, ఎడ్ కాట్‌మల్ ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో పాటు నాలుగో అంకె ఒకటి జతచేశారు. వస్తువు ఆ పిక్సెల్‌ను ఎంత మేర కప్పిందో అది చెబుతుంది. పూర్తిగా కప్పితే 1, అసలు లేకపోతే 0, మధ్యలో ఎంతైనా ఉండొచ్చు. దాన్నే ఆల్ఫా అంటారు. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పెట్టడానికి కావాల్సిన లెక్కలన్నిటినీ 1984లో లూకాస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఈ ఆల్ఫాతో ఒక పద్ధతిలో పెట్టారు. ఇవాళ మీరు ఫోన్‌లో స్టిక్కర్ చేసుకున్నా లోపల నడిచేది ఆ లెక్కే.

కలపడం సులువు, వెనక్కి విడదీయడమే కష్టం. నల్ల వెంట్రుక విలువ 0, తెల్ల గోడ విలువ 255 అనుకోండి. పిక్సెల్‌లో 40 శాతం వెంట్రుక ఉంటే మిగతా 60 శాతం గోడది, కాబట్టి ఫొటోలో 153 అని పడుతుంది. అది బూడిద రంగు. (అసలు ఫైళ్లలో ఈ అంకెలు వెలుతురుకు సరిసమానంగా పెరగవు. లెక్క తేలిగ్గా ఉండాలని ఇలా తీసుకున్నాను.) ఇప్పుడు ఈ 153 ఒక్కటే చూపించి, అక్కడ ఏముందో చెప్పమంటే? నల్ల వెంట్రుక 40 శాతం ఉంది అనొచ్చు. గోడ అసలు లేదు, నెరిసిన జుట్టే పిక్సెల్ నిండా ఉంది అని కూడా అనొచ్చు. లెక్క ప్రకారం రెండూ సరైనవే. పూర్తి రంగుల్లో చూస్తే తెలిసినవి మూడు అంకెలు, తేల్చాల్సినవి ఏడు: వస్తువు రంగుకు మూడు, బ్యాక్‌గ్రౌండ్ రంగుకు మూడు, ఆపైన ఆల్ఫా. మూడు సమీకరణాలతో ఏడు తెలియని రాశులు తేలవు.

తెల్ల గోడ ముందు జడలో మల్లెదండ పెట్టుకుని ఫొటో దిగితే ఇంకా ఇబ్బంది. పువ్వు రంగు, గోడ రంగు ఒకటే అయినచోట ఆల్ఫా ఎంత వేసినా లెక్క సరిపోతుంది. అంటే పువ్వు ఎక్కడ అయిపోయిందో చెప్పే సమాచారం ఆ పిక్సెల్‌లో లేనే లేదు.

ఈ చిక్కుకు కచ్చితమైన పరిష్కారం ఒకటుంది, నాకైతే అది చాలా అందంగా అనిపిస్తుంది. 1996లో స్మిత్, జిమ్ బ్లిన్ కలిసి దాన్ని వివరించారు. కెమెరానూ వస్తువునూ కదల్చకుండా బ్యాక్‌గ్రౌండ్ మాత్రం మార్చి రెండు ఫొటోలు తీయాలి. మన పిక్సెల్‌నే చూడండి. తెల్ల గోడ ముందు 153 వచ్చింది. గోడను నల్లగా మార్చినా 153 వస్తే అక్కడ గోడ వాటా లేదు, అది నెరిసిన జుట్టే. 0కి పడిపోతే అది నల్ల వెంట్రుక. 255లో 153 మేర మారింది కాబట్టి గోడ 60 శాతం, వెంట్రుక 40 శాతం. ఊహ ఎక్కడా అక్కర్లేదు. గాజు సీసా అయినా ఈ పద్ధతికి లొంగుతుంది. కాకపోతే మనుషులు రెండు ఫొటోల మధ్య వెంట్రుకవాసి కూడా కదలకుండా ఉండలేరు.

అందుకే సినిమావాళ్లు ముందే తెలిసిన ఒకే రంగు తెర కట్టారు. 1950ల చివర్లో పెట్రో వ్లాహోస్ హాలీవుడ్‌లో నీలి తెరతో, ఫిల్మ్ మీదే, వెంట్రుకలూ పొగా కూడా నిలిచే పద్ధతి తయారుచేశాడు. డిజిటల్ కెమెరాలు వచ్చాక తెర ఎక్కువగా ఆకుపచ్చకు మారింది. కొడాక్‌లో బ్రైస్ బేయర్ రూపొందించి, 1976లో పేటెంట్ పొందిన అమరికే ఇవాళ చాలా కెమెరా సెన్సర్లలో ఉంది. అందులో ఒక్కో ఎరుపు, నీలం గడికి రెండు ఆకుపచ్చ గడులుంటాయి. ఆకుపచ్చలో వివరం ఎక్కువ, మచ్చలు తక్కువ.

తెర లేని మామూలు ఫొటోకు ఊహే దిక్కు. ఊహించడానికి చాలా సాఫ్ట్‌వేర్‌లు ఫొటోను మూడు భాగాలు చేసుకుంటాయి: కచ్చితంగా మనిషి, కచ్చితంగా బ్యాక్‌గ్రౌండ్, మధ్యలో తేలని పట్టీ. ఫొటోషాప్‌లో రిఫైన్ ఎడ్జ్ బ్రష్‌తో జుట్టు మీద రుద్దుతున్నప్పుడు మీరు చెబుతున్నది అదే, ‘ఇక్కడ నువ్వే తేల్చు’ అని. ఉచితంగా దొరికే ఫొటో సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ టూల్ తెరిస్తే లెవిన్ అనే పేరు కనిపిస్తుంది. 2006లో అనాత్ లెవిన్, మరో ఇద్దరు ప్రచురించిన పద్ధతి అది. పక్కపక్క పిక్సెళ్లలో రంగులు ఉన్నట్టుండి మారవన్న నమ్మకం మీద తెలియని రాశులను తగ్గించుకుంటూ పోతుంది.

ఒక్క నొక్కుతో పని ముగించే ఇప్పటి ఏఐ టూల్స్ ఎన్నో ఉదాహరణలు చూసి నేర్చుకున్నవి. 2017లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో దాదాపు 500 బొమ్మలకు ఆల్ఫా జాగ్రత్తగా తయారుచేసి, ఒక్కోదాన్ని 100 వేర్వేరు బ్యాక్‌గ్రౌండ్ల మీద పెట్టి న్యూరల్ నెట్‌వర్క్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌కు, చూపించారు. మల్లెదండ దగ్గర రంగు సాయం చెయ్యకపోయినా, పువ్వుల ఆకారం తెలిసిన నెట్‌వర్క్ ఒక అంచు గీయగలదు. అయితే అది ఫొటోలోంచి తీసిన అంచు కాదు, అనుభవంతో కల్పించింది. శుభలేఖకు చాలు. గుర్తింపు కార్డు ఫొటోకు ఆ కల్పనను నేను ఒప్పుకోను.

కాబట్టి సగం పని ఫొటో తీసేటప్పుడే చెయ్యాలి. మనిషిని గోడకు నాలుగైదు అడుగుల ముందు నిలబెడితే గోడ రంగు బుగ్గల మీద, చెవుల మీద పడడం తగ్గుతుంది. జుట్టుకూ బట్టలకూ కలవని రంగు గోడ వెతకండి. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి. జేపీఈజీ ఫైళ్లు చాలావరకు రంగు వివరాన్ని అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించి దాచుకుంటాయి, వాట్సాప్ దాన్ని మళ్లీ నలిపితే వెంట్రుకల రంగు ఇంకా అలికేసుకుపోతుంది. ఎరేజర్ ముట్టుకోకుండా, చెరపకుండా దాచి మాత్రమే పెట్టే లేయర్ మాస్క్‌తో పనిచేస్తే పోయిన వెంట్రుకను మళ్లీ తెచ్చుకోవచ్చు. సేవ్ చేసేది పీఎన్‌జీలో. మామూలు జేపీఈజీలో ఆల్ఫాకు చోటు లేదు. ఫైల్ ఇచ్చే ముందు కింద ఒకసారి ముదురు రంగు లేయర్, ఇంకోసారి లేత రంగు లేయర్ పెట్టి చూడండి. తెల్ల గోడ ముందు తీసిన ఫొటోలో మిగిలిన గీత లేత రంగు మీద దాక్కుంటుంది, ముదురు రంగు మీద బయటపడుతుంది.