తెల్లబట్టకు మందు అడిగే ముందు: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో గైనకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆదోని, పత్తికొండ, డోన్ వైపు నుంచి తెల్లబట్ట సమస్యతో వచ్చే ఆడవాళ్లలో చాలామంది అప్పటికే రెండు మూడు రకాల మందులు మింగేసి ఉంటారు. పరీక్ష మాత్రం ఒక్కటీ చేయించుకుని ఉండరు. ఈ నాలుగు మాటలూ వాళ్ల కోసమే.

అపోహ: తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతాయి.
కరగవు. అండం విడుదలయ్యే రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు వాసన, దురద లేకుండా తెలుపు కావడం మామూలే. నీరసంగా ఉంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి.

అపోహ: ఏ తెల్లబట్టకైనా ఒకటే కిట్.
మెడికల్ షాపులో అడిగితే అజిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, సెక్నిడజోల్ కలిపిన అట్ట చేతిలో పెడతారు. మూడింటిలో ఏదో ఒకటి పనిచేయకపోతుందా అన్న ఆశ. కానీ జబ్బు ఒకటి కాదు. దురద, మంట ఎక్కువగా ఉండి విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా పడితే ఫంగస్ కావచ్చు. అది మాటిమాటికీ వస్తుంటే షుగర్ పరీక్ష తప్పనిసరి. బూడిద రంగులో పలుచగా, నీచు వాసనతో అవుతుంటే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ (యోనిలో మేలు చేసే బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరగడం) కావచ్చు. పచ్చగా, నురగగా ఉంటే కలయిక వల్ల సోకే సూక్ష్మజీవి ట్రైకోమోనాస్‌ను అనుమానిస్తాం.

అన్నీ 'కావచ్చు' అనే చెప్తున్నాను. ఎందుకంటే కంటితో చూసి తేల్చలేం. దూది పుల్లతో కొంచెం స్రావం తీసి ఆమ్లగుణం ఎంతుందో చూపే పీహెచ్ కాగితానికి అద్దుతాను. మామూలుగా 4.5 లోపే ఉంటుంది, ఫంగస్‌లో కూడా దాదాపు అంతే. అది దాటితే మిగతా రెండింటి మీద అనుమానం. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేయగానే నీచు వాసన గుప్పుమంటే బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కు అదొక గుర్తు. ఇంకో స్లైడు మీద సెలైన్ చుక్కలో కలిపి వెంటనే మైక్రోస్కోప్ కింద పెడితే ట్రైకోమోనాస్ గిలగిలా కదులుతూ కనిపిస్తుంది. ఆలస్యం చేస్తే కదలిక ఆగిపోతుంది, ఇక గుర్తుపట్టడం కష్టం. ఇదంతా పది నిమిషాల పని.

పరీక్షల సౌకర్యం లేనిచోట లక్షణాలను బట్టి రంగు కిట్లు ఇచ్చే పద్ధతి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో ఉంది. తెల్లబట్టకు ఆకుపచ్చ కిట్. అయితే అది మనిషిని చూసి, అడిగి తెలుసుకుని ఇచ్చేది. గర్భిణులకు ఫ్లూకొనజోల్ మాత్రలు ఇవ్వం, అందుకే కౌంటర్ మీద కొనొద్దంటున్నాను.

అపోహ: గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది.
నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలోకెల్లా మన రాష్ట్రంలోనే ఎక్కువ, దాదాపు 9 శాతం. ఈ ఇన్‌ఫెక్షన్లు ఉండేది యోనిలో. సంచి తీసేసినా యోని అక్కడే ఉంటుంది, ఇన్‌ఫెక్షనూ మళ్లీ వస్తుంది. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు నిజంగా బలహీనపడతాయి. "క్యాన్సర్ అవుతుందంట మేడమ్" అని భయపడేవాళ్లు ముందు గర్భసంచి ముఖద్వారం కణాలను చూసే పాప్ స్మియర్ పరీక్ష చేయించుకోండి. తెల్లబట్ట ఒక్కదానికే ఆపరేషన్ అంటే ఒప్పుకోవద్దు.

అపోహ: ఇన్‌ఫెక్షన్ వచ్చిందంటే ఎవరో తప్పు చేసినట్టే.
ఫంగస్‌కూ, బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కూ ఆ మాట అంటగట్టకండి. భార్యాభర్తల మధ్య గొడవ తప్ప ఒరిగేదేమీ లేదు. వెజైనోసిస్ పదేపదే తిరగబెడుతుంటే మాత్రం భర్తకూ మందులిస్తే మేలని 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ట్రైకోమోనాస్‌కైతే ఇద్దరికీ మందు పడాల్సిందే. మగవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు కాబట్టి "నాకేం లేదు" అంటే కుదరదు. ఇద్దరి కోర్సూ పూర్తయి లక్షణాలు పోయేదాకా కలవకూడదు.

అపోహ: మగవాళ్లకు మూత్రంలో మంట అంటే వేడి చేసినట్టే.
అనంతపురం ఎండలకు సబ్జా, బార్లీ నీళ్లు మంచివే. కానీ మంటతోపాటు చీము కారుతుంటే అది సెగ, అంటే గనేరియా కావచ్చు. పాత సిప్రోఫ్లోక్సాసిన్ మాత్రలకు అది లొంగడం లేదు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ కావాలి. నిర్లక్ష్యం చేస్తే భార్య గర్భనాళాల దాకా పాకి సంతానానికే ముప్పు. కలయిక వల్ల సోకే ఇంకో బ్యాక్టీరియా జబ్బు క్లామిడియా కూడా అంతే, పైగా ఆడవాళ్లలో చాలాసార్లు చప్పుడు చేయదు.

అపోహ: పుండు మానింది, జబ్బు పోయింది.
కలయిక వల్ల సోకే సిఫిలిస్ జబ్బులో మర్మాంగాల మీద వచ్చే పుండుకు సాధారణంగా నొప్పి ఉండదు, మందు లేకపోయినా కొన్ని వారాల్లో మానుతుంది. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. తొలిదశలో బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి వేస్తే సరిపోతుంది. గర్భిణులు మొదటి చెకప్‌లోనే సిఫిలిస్ రక్తపరీక్ష చేయించుకోవాలి, బిడ్డను కాపాడేది అదే పెన్సిలిన్.

అపోహ: లోపల డెటాల్‌తో కడిగితే శుభ్రం.
మేలు చేసే ల్యాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా చచ్చిపోయి ఇన్‌ఫెక్షన్ ఇంకా పెరుగుతుంది. బయట మాత్రం నీళ్లతో కడుక్కుంటే చాలు.

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని అడగండి, చికిత్స ఉచితం, వివరాలు బయటకు పోవు. వచ్చే ముందు రెండు రోజులు లోపల క్రీములు, బిళ్లలు పెట్టుకోకండి, నెలసరి లేని రోజు చూసుకుని రండి. ఇదివరకు వాడిన మాత్రల ఖాళీ అట్టలు కూడా పట్టుకు రండి.